అన్ని మూటలకూ ఒకే తరుగు

నేను పరిశోధన చేసేది సూర్యుడి చుట్టుపక్కల ఉండే వాయువు మీద. సూర్యుడికీ, దగ్గర్లోని నక్షత్రాలకూ మధ్య ఖాళీగా కనబడే చోటు నిజానికి ఖాళీ కాదు. అక్కడ చాలా పల్చగా వాయువు పరుచుకుని ఉంటుంది. ఎంత పల్చన అంటే, గ్లాసుడు చోటులో కొన్ని పదుల పరమాణువులు దొరికితే గొప్ప. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత హీలియం. ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్, ఇనుము లాంటివన్నీ కలిపినా చిటికెడు. ఆ చిటికెడులో ఏది ఎంత ఉందో తేల్చడానికి నేను తొమ్మిదేళ్లు పెట్టాను.

ఈ సంగతి మా కర్నూలు వీధిలో ఎవరికి చెప్పినా "మంచిదమ్మా, దీంతో ప్రమోషన్ వస్తాదా?" అని అడుగుతారు. రాదు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, ఉద్యోగం చేసుకుంటూనే పిహెచ్‌డి. పెద్ద టెలిస్కోపును కళ్లతో చూసింది కూడా లేదు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు ఎప్పుడో తీసిపెట్టిన నక్షత్రాల వర్ణపటాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దింపుకుని, రోజూ పొద్దున కాలేజీకి పోయేముందు రెండు గంటలు మా భోజనాల బల్ల మీదే పని చేసుకునేదాన్ని. ఒక పక్క ఉప్మా గిన్నె, ఒక పక్క ఇనుము గీతలు.

గీతలంటే ఏమిటో చెప్పాలి. నక్షత్రం వెలుగు మన దాకా వచ్చేలోపు దారిలో ఉన్న వాయువు ఆ వెలుగులోంచి కొన్ని రంగుల్ని మింగేస్తుంది. ఒక్కో మూలకానికి ఒక్కో రంగు ఇష్టం. మింగిన చోట వర్ణపటంలో సన్నటి చీకటి గీత పడుతుంది. గీత ఎంత లోతుగా ఉందో కొలిస్తే దారిలో ఆ మూలకం ఎంతుందో తెలుస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది, తిరకాసంతా ధూళి దగ్గర వస్తుంది. ఇనుము, మెగ్నీషియం లాంటివి అన్నీ వాయువుగానే తిరుగుతూ ఉండవు. చాలా భాగం సన్నటి ధూళి రేణువుల్లో చిక్కుకుపోయి ఉంటుంది. ధూళిలో చిక్కుకున్న ఇనుము గీత వేయదు, మన కొలతకు అందదు. కాబట్టి వాయువులో కనబడినదానికి, ధూళిలో ఉండేదాన్ని అంచనా కట్టి కలపాలి.

నేను తీసుకున్న నక్షత్రాలు ముప్పై రెండు. వాటిలో బాగా కొలతకు వచ్చిన నాలుగింటి దారుల్లో ధూళి ఎంతో తేల్చి, సగటు తీసి, అదే అంకెను మిగతా అన్ని దారులకూ వేసేశాను. లెక్క చక్కగా కుదిరింది.

ఈ పద్ధతి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా నాయన కోడుమూరులో నలభై ఏళ్లు మండీ నడిపాడు. శనగలు, ధనియాలు, జొన్నలు కొని పెద్ద ఊళ్లకు పంపేవాడు. మాది నల్లరేగడి నేల. శనగల్లో మట్టిపెళ్లలు సరిగ్గా శనగ గింజంతే ఉండి, గింజల్లో గింజల్లాగా కలిసిపోతాయి. అందుకని మూట తూకం వేశాక మట్టికీ తాలుకూ కలిపి రెండు కిలోలు కోసేవాళ్లు. దాన్నే తరుగు అంటారు. రైతు గొణిగితే మండీలో ఒకటే జవాబు ఉండేది: "అందరికీ అంతేనప్పా." ఆ మాట వింటూ పెరిగాను నేను. అందరికీ ఒకేలా కోస్తే అది న్యాయమే కదా అనుకున్నాను. వేరే ఇంట్లో పుట్టినవాళ్లయితే ముందు ఏ దారిలో ధూళి ఎంతుందో చూద్దామనుకునేవాళ్లేమో. మండీ ఇంటి ఆడపిల్లని కనక నా చెయ్యి నేరుగా తరుగు మీదికే పోయింది.

మా యూనివర్సిటీ నాకు రెండుసార్లు గడువు పొడిగించింది. రెండోసారి ఇచ్చిన కాగితంలో ఇదే ఆఖరు అని రాసి, ఆ మాట కింద గీత కూడా గీశారు. శుక్రవారం సాయంత్రం లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్లీ ఎంట్రన్సు రాసి మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. నలభై మూడేళ్ల వయసులో, నా దగ్గర చదువుకున్న పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాయడం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. అందుకే వారం ముందే నాలుగు ప్రతులు బైండింగ్ చేయించి తెచ్చుకున్నాను. ఎర్రటి అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. కడపలో పనిచేసే మా ఆయన శనివారం పొద్దున్నే వచ్చి, సంచి కూడా దించకుండా ముందు ఆ అట్టను చేత్తో నిమిరి చూశాడు. "ఇంక ఇచ్చెయ్. నీకూ నాకూ ఇద్దరికీ చాలు," అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ మనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అందుకే ఆ 'చాలు' నాకు గట్టిగా తగిలింది.

మండీ మూసేశాక మా నాయన ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. నలభై ఏళ్లు పీల్చిన దుమ్ము ఆయన ఛాతీలో ఉంది. పొద్దున్నే దగ్గు మొదలైతే ఆగడానికి అరగంట పడుతుంది. దగ్గు ఆగాక కాఫీ గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంటాడు. ఏమీ అడగడు. ఆ శనివారం ఎర్ర పుస్తకం ముందర పెట్టేసరికి మాత్రం అద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాడు. లోపలంతా ఇంగ్లీషు, అంకెలు, బొమ్మలు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు. అందులో ముప్పై ఒక్క చుక్కలు ఒకే వరుసలో బుద్ధిగా నిలబడి ఉంటాయి. నాకు చాలా గర్వంగా ఉండే బొమ్మ అది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు.

శనగల భాషలో చెప్పాను. ముప్పై రెండు నక్షత్రాలు, ఒక్కోటీ ఒక్కో మూట అనుకో నాయనా, వాయువులో కనబడేది గింజ, కనబడంది ధూళిలో ఉంటాది, దానికి లెక్కలో ఇంత అని కలపాల, మీరు మండీలో కోసేవాళ్లు, నేను ఈడ కలుపుతా, పద్ధతి ఒకటే అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కూతురు తొమ్మిదేళ్లుగా ఏం చేస్తోందో ఆ రోజు అర్థమైంది ఆయనకు.

"అయితే అన్ని మూటలూ గుచ్చి చూసినావా?" అని అడిగాడు.

గుచ్చడమంటే, మా మండీలో ఒక ఇనుప గొట్టం ఉండేది. ఒక కొన మొనదేలి, ఒక పక్క గాడి తీసి ఉంటుంది. మూటలోకి గుచ్చి లాగితే లోపలి సరుకు గుప్పెడు బయటికి వస్తుంది. మూట విప్పకుండానే లోపల ఎంత మట్టి ఉందో తెలిసిపోతుంది.

"నాలుగు గుచ్చినా. మిగిలిన వాటికి అదే తరుగు ఏసినా," అన్నాను.

"బొమ్మలో ముప్పై ఒకటే ఉండాయి. నువ్వు ముప్పై రెండు నక్షత్రాలంటివే?"

ముసలాయన చుక్కలు లెక్కపెట్టుకున్నాడన్నమాట. నా గైడు కూడా లెక్కపెట్టలేదు. "ఒకటి సరిగ్గా కుదరలేదు నాయనా. నా తరుగు కలిపితే దాంట్లో ఇనుము ఉండకూడనంత ఎక్కువ వస్తాండాది. ఏదో కొలత తప్పయింటాదని పక్కన పెట్టినా," అన్నాను.

"కొలత తప్పా, తరుగు తప్పా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నాయనా, ఇవి శనగలు కాదు. శుక్రవారం ఇచ్చేయాల. ఇప్పుడు నువ్వు కొత్తగా మొదలుపెట్టొద్దు," అని పుస్తకం లాక్కున్నాను. ఆయన కాఫీ చల్లారిపోయినా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపమెందుకు వచ్చిందంటే, ఆయన అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు. ఆ నక్షత్రం దారిలో ధూళి తక్కువేమో, ఇనుమంతా వాయువులోనే ఉందేమో అని రెండేళ్ల కిందటే అనుమానం వచ్చింది. అదే నిజమైతే మిగతా దారులన్నీ కూడా విడివిడిగా చూడాలి. ప్రతి దారిలోనూ మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ గీతలు వేరువేరుగా కొలిచి, ధూళి ఎంతో తేల్చాలి. ఒక్కో నక్షత్రానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లెక్క వేసుకుని భయపడి, ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టేశాను. ఇది నేను ఎవరితోనూ అనలేదు.

కాసేపటికి మా నాయన తనంతట తానే మొదలుపెట్టాడు. ఎప్పుడూ చెప్పని సంగతి.

కోడుమూరు అవతల చిన్న పల్లె నుంచి ఒక రైతు ఏటా శనగలు తెచ్చేవాడట. ఒక ఏడాది పన్నెండు మూటలు తెచ్చాడు. మండీ నిండా బండ్లు ఉన్నాయి, ఎండ దంచుతోంది. ఆ రైతు, "శెట్టీ, ఈ తూరి మా ఆడమనిషి శానా శుద్ధి చేసింది. ఒక్క మూట గుచ్చి చూడు," అన్నాడట. గొట్టం గోడకే వేలాడుతోంది. లేచి నాలుగు అడుగులు వేస్తే చేతికి అందుతుంది. మా నాయన లేవలేదు. "అందరికీ అంతేనప్పా" అని తరుగు కోసేశాడు. రైతు కొట్లాడలేదు, తలకాయ ఊపి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత మూటలు లారీకి ఎక్కిస్తుంటే ఒకటి పిగిలి శనగలు నేల మీద పోసుకున్నాయట. ఒక్క పెళ్ల లేదు. ఒక్క పుల్ల లేదు. ఆ రైతు మళ్లీ మా మండీ గడప తొక్కలేదు.

"తరుగు తిరిగి ఇచ్చేసింటే పోయేది గదా నాయనా," అన్నాను.

"సంతలో కనపడితే ఇస్తానంటిని. వద్దన్యాడు. 'తరుగు కోసినందుకు కాదు శెట్టీ, గుచ్చి చూడమంటే చూడకపోతివి' అన్యాడు." కొంచెంసేపు దగ్గి, "ఇరవై ఎనిమిదేండ్లాయమ్మా. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయప్పే గుర్తొస్తాడు. రేపు నన్ను ఆ ఊరికి పిలుచుకుని పోతావా?" అన్నాడు.

నాకు ఆ వారం ఒక గంట కూడా తీరిక లేదు. కానీ మా నాయన నన్ను ఏదైనా అడగడం అరుదు. సరేనన్నాను.

ఆదివారం పొద్దున కర్నూలు నుంచి బస్సులో కోడుమూరు వెళ్లి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడుగునా శనగ చేన్లే, కోతకు వచ్చి గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. మా నాయన ఉతికిన పంచె కట్టుకుని, కిలో మిఠాయి పొట్లం ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయప్పతో ఏం మాట్లాడాలో లోపల అనుకుంటున్నాడని పెదవులు కదలడం చూస్తే తెలుస్తోంది. ఆయనను అట్లా చూస్తే నాకు జాలేసింది. ముందురోజు కసురుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

ఊళ్లో ఆడుకుంటున్న పిల్లల్ని అడిగితే ఇల్లు వెంటనే చూపించారు. అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని చేటలో శనగలు చెరుగుతోంది. మా నాయన ఆ రైతు గుర్తులు చెప్పి, ఉన్నాడా అని అడిగాడు.

"ఆయప్ప పోయి నాలుగేండ్లాయ. నువ్వెవురప్పా?" అంది ఆమె.

మా నాయన అరుగు అంచున కూలబడ్డాడు. బస్సులో, ఆటోలో కూడబెట్టుకున్న మాటలు వదిలేసి, మిఠాయి పొట్లం అరుగు మీద పెట్టాడు. కోడుమూరు శనగల మండీ అని, మా నాయన అని నేనే చెప్పాను. ఆమె చెయ్యి చేట మీద ఆగిపోయింది. కాసేపు మా నాయన ముఖం పరకాయించి చూసింది.

"పన్నెండు మూటల శెట్టివా?" అంది.

మా నాయన తలకాయ ఊపాడు. "గుచ్చి చూడమంటే చూడకపోతినమ్మా. ఆయప్పకు ఆ మాట చెప్పాలని వస్తిని. ఆలస్యమైపోయ," అన్నాడు.

ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాక చెప్పింది. "ఆయప్ప కొన్నాళ్లకే మర్సిపోయ. నేను మర్సిపోలా. ఆ ఏడు నేనే రెండు తూర్లు జల్లెడ పట్టి, చేటలో చెరిగి, పెళ్లలు ఒక్కొక్కటీ చేత్తో ఏరినా. నెల పొద్దు అదే పని. చేతి ఏళ్లు పగిలిపోయ. 'ఈ తూరి తరుగు లేదంటాడు శెట్టి' అని ఆశపడితి. ఆయప్ప ఇంటికొచ్చి 'అందరికీ అంతేనంట' అన్యాడు. ఆ మాటకు ఏడ్సినా. రెండు కిలోలకు కాదు శెట్టీ, నా పని ఎవురూ చూడలేదే అని ఏడ్సినా."

అన్ని సంవత్సరాలూ మా నాయన తప్పు చేశాననుకున్నది ఆ రైతుకు. నిజంగా దెబ్బ తిన్నది ఈమె. ఆ మూటల్లో ఉన్నది ఈమె వేళ్ల పని. నాకు అక్కడ నిలబడడం కష్టమైంది. రెండేళ్లుగా పక్కన పెట్టేసిన నా ముప్పై రెండో నక్షత్రం గుర్తొచ్చింది. శుభ్రంగా ఉన్నందుకు, నా లెక్కకు లొంగనందుకు, 'కొలత తప్పు' అని దానికి పేరు పెట్టి మూల కూర్చోబెట్టాను.

మేం లేవబోతుంటే ఆమె చేటను మా నాయన ముందుకు జరిపింది. "ఇప్పుడు చూడు శెట్టీ. ఎంత తరుగు కోస్తావో కోయి," అంది. నవ్వుతూనే అంది, కానీ కళ్లు ఆయన ముఖం మీదే ఉన్నాయి.

మా నాయన వేళ్లు శనగల్లోకి పోయాయి. గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, అద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఊరికే చూసినట్టు చేయలేదు. మండీలో కూర్చున్నప్పుడు చూసినట్టే, ఒక్కో గింజనూ బొటనవేలితో తిప్పి చూశాడు. ఆ గుప్పెడు పోసి, అడుగు నుంచి ఇంకో గుప్పెడు తీశాడు. చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా నిలబడి ఉంది.

"తరుగు లేదమ్మా," అన్నాడు.

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వచ్చేటప్పుడు ఒక సంచిలో రెండు శేర్ల శనగలు పోసి నా చేతికి ఇచ్చింది. "నాయన్ను బాగా చూసుకో పాపా, శానా దగ్గుతాండాడు," అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన మా నాయన, ఇవతల నేను. ఒడిలో శనగల సంచి. కోడుమూరు దాటాక నేను ఫోన్ తీసి మా గైడుకు చేశాను. ఆయన మంచివాడు. ఆదివారమైనా ఎత్తాడు. శుక్రవారం ఇవ్వడం లేదు సార్ అన్నాను. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు దారుల్లోనే ధూళి చూశానని, మిగతావాటికి చూడకుండా వేశానని, కుదరని నక్షత్రాన్ని కావాలనే తీసేశానని. రిజిస్ట్రేషన్ పోతుంది తెలుసు కదా అన్నాడు. తెలుసన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. నాలుగు ఎర్ర అట్టలు, మా ఆయన 'చాలు', ఎంట్రన్సు హాల్లో నా పక్క బెంచీలో కూర్చోబోయే నా పాత విద్యార్థులు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి.

మా నాయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. వినలేదేమో అనుకున్నాను.

"మొత్తం ఎన్ని మూటలమ్మా?" అని అడిగాడు.

"ముప్పై రెండు నాయనా," అన్నాను.

ఆయన నా ఒడిలోని సంచిలో చెయ్యి పెట్టి నాలుగు శనగలు తీసి నా అరచేతిలో పోశాడు.

"ఒక్కొక్కటే గుచ్చుకుంటా పో," అన్నాడు.